ఒకే సీసా నీళ్లకు మూడు లెక్కలు: మైపాడు సముద్రంలో, స్వర్ణాల చెరువులో మల బ్యాక్టీరియా పరీక్షలను పోల్చి చూడటం ఎలా

మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో నీళ్లు చెక్ చేసే ల్యాబ్‌లకు కొదవ లేదు. రొయ్యల గుంటలు ఎక్కడుంటే అక్కడ ఒకటో రెండో కనిపిస్తాయి. వాటిలో ఆటోక్లేవ్, ఇంక్యుబేటర్, విబ్రియో అనే బ్యాక్టీరియాను పెంచి చూసే టీసీబీఎస్ ప్లేట్లు ఉంటాయి. కొన్నిచోట్ల రొయ్యల తెల్లమచ్చ రోగం పట్టుకోవడానికి, డీఎన్‌ఏని వెతికే పీసీఆర్ మిషన్ కూడా ఉంటుంది. గుంటలో విబ్రియో ఎంతుందో మర్నాటికల్లా చెప్పేస్తారు. అదే మైపాడు బీచ్‌లో మనుషులు మునిగే నీళ్లలో మలం తాలూకు బ్యాక్టీరియా ఎంతుందని అడిగితే మాత్రం ఒక్కో ల్యాబ్ ఒక్కో అంకె ఇస్తుంది. ఎవరూ తప్పు చేయకపోయినా అలా జరగొచ్చు. వాడిన పద్ధతులు వేరు కాబట్టి లెక్కలూ వేరుగా వస్తాయి.

మైక్రోబయాలజీ ప్రాజెక్టు చేస్తున్న విద్యార్థులు, ఆక్వా ల్యాబ్ నడుపుతూ ఈ పని కూడా మొదలుపెట్టాలనుకునే వాళ్లు ఎంపీఎన్ (ట్యూబుల్లో పెంచి, ఎంత ఉండొచ్చో అంచనా కట్టే లెక్క), మెంబ్రేన్ ఫిల్టర్, రంగు మారే ఎంజైమ్ పరీక్ష అనే మూడు పద్ధతులను పక్కపక్కన పెట్టి ఎలా చూడాలో ఇక్కడ చెబుతున్నాను. ప్లేటు పోయడం, నీళ్లు డైల్యూట్ చేయడం మీకు వచ్చనే అనుకుంటున్నాను.

ముందు ఏ బ్యాక్టీరియాను వెతుకుతున్నారో తేల్చుకోండి

నీళ్లలో రోగం తెచ్చే క్రిములు వందల రకాలు. వాటన్నిటినీ వెతకడం ఎవరి వల్లా కాదు. అందుకే మలంలో ఎప్పుడూ, ఎక్కువగా ఉండే ఒక బ్యాక్టీరియాను గుర్తుగా పెట్టుకుంటాం. అది దొరికితే మలం కలిసిందని అర్థం. మలం కలిసిందంటే రోగక్రిములు కూడా వచ్చి ఉండొచ్చు.

టోటల్ కోలిఫారంలు అనే పెద్ద గుంపును ఈ పనికి వాడకండి. అవి మట్టిలోనూ, కుళ్లిన ఆకుల మీదా పెరుగుతాయి. చెరువు నీళ్లలో అవి దొరకడం వింతేమీ కాదు. వాటిలో 44.5 డిగ్రీల వేడిలో కూడా లాక్టోజ్ అనే పాల చక్కెరను పులియబెట్టేవే ఫీకల్ కోలిఫారంలు. వాటిలోనూ క్లెబ్సియెల్లా లాంటివి మలంతో సంబంధం లేకుండా వచ్చి కూర్చుంటాయి. ఈ కోలై (E. coli) అనే బ్యాక్టీరియా వీటికన్నా నమ్మకమైన గుర్తు. మూడోది ఎంటరోకోకై. మన దేశపు పాత ప్రమాణాల్లో దీన్ని ఫీకల్ స్ట్రెప్టోకోకై అనే పేరు కింద చూస్తాం.

సముద్రానికి ఎంటరోకోకైనే ఎంచుకోండి. ఉప్పునీళ్లలో, ఎండలో ఈ కోలై త్వరగా చచ్చిపోతుంది. ఎంటరోకోకై దానికన్నా ఎక్కువసేపు బతుకుతుంది. అమెరికాలో 1970ల నుంచి కాబెల్లి అనే శాస్త్రవేత్త బృందం బీచ్‌లలో స్నానం చేసిన వాళ్ల ఆరోగ్యాన్ని, అదే రోజు నీళ్ల లెక్కలను కలిపి చూసింది. సముద్రంలో కడుపు జబ్బులతో బాగా ముడిపడింది ఎంటరోకోకై లెక్కే. అందుకే 1986 నుంచి అక్కడి పర్యావరణ సంస్థ సముద్రానికి ఎంటరోకోకైని, ఉప్పు లేని నదులు, చెరువుల నీళ్లకు ఈ కోలైని గానీ ఎంటరోకోకైని గానీ చూడమంటోంది.

నెల్లూరు స్వర్ణాల చెరువుకి, పెన్నకి ఈ కోలై సరిపోతుంది. అయితే ఒక్కటి మనసులో ఉంచుకోండి. హవాయిలాంటి వేడి ప్రాంతాల్లో ఈ కోలై, ఎంటరోకోకై రెండూ గట్టు మట్టిలోనే బతికి, పెరుగుతాయని తేలింది. మన ఎండలు అంతకు తక్కువేం కాదు. ఒడ్డు మట్టి కదిలాక పట్టిన నీళ్లలో లెక్క పెరిగితే, అందులో కొంత ఆ మట్టిదే కావచ్చు.

హద్దులు రాసి గోడకి అంటించుకోండి

పోల్చడానికి కూర్చునేముందే ఈ అంకెలు కళ్లెదురుగా ఉండాలి. మన దేశంలో 2000 సంవత్సరపు నోటిఫికేషన్ ప్రకారం స్నానానికి వాడే నదులు, చెరువుల్లో 100 మి.లీ.కి ఫీకల్ కోలిఫారం 500 లోపు ఉంటే మంచిది, 2,500 దాటకూడదు. ఫీకల్ స్ట్రెప్టోకోకై 100 లోపు ఉంటే మంచిది, 500 దాటకూడదు. సముద్రంలో స్నానాలకు, నీటి ఆటలకు కేటాయించే ఎస్‌డబ్ల్యూ-2 తరగతికి ఫీకల్ కోలిఫారం 100. ఇవన్నీ ఎంపీఎన్ లెక్కలో రాసినవే.

అమెరికా 2012 ప్రమాణంలో 100 మి.లీ.కి ఎంటరోకోకై జ్యామితీయ సగటు (లాగ్ తీసి చేసే సగటు, చివర్లో చెబుతాను) 35 దాటకూడదు. నమూనాల్లో పదో వంతుకు మించి 130 దాటకూడదు. నదులు, చెరువుల్లో ఈ కోలైకి ఇవే హద్దులు 126, 410. ఇదే ప్రమాణంలో ఇంకో అంకె కూడా ఉంది. ఎంటరోకోకైని ప్లేటు మీద పెంచకుండా, డీఎన్‌ఏ ఎంతుందో చూసే క్యూపీసీఆర్‌తో కొలిస్తే హద్దు 35 కాదు, 470. రెండు చోట్లా అనుకున్న ప్రమాదం ఒక్కటే, వెయ్యి మంది స్నానం చేస్తే 36 మందికి జబ్బు. నీళ్లూ అవే, ప్రమాదమూ అదే. కొలిచే సాధనం మారేసరికి అంకె పదమూడు రెట్లకు పైగా మారింది. ఎవరైనా రిపోర్టు తెచ్చి చూపిస్తే నేను అంకె జోలికి పోకుండా ముందు పద్ధతి పేరు చూసేది ఇందుకే.

నీళ్లు పట్టడం

సగం రిపోర్టులు ల్యాబ్‌కి చేరకముందే ఒడ్డున పాడవుతాయి. కాబట్టి ఇక్కడ తొందరపడకండి.

స్టెరైల్ చేసిన 500 మి.లీ. సీసాలు తీసుకెళ్లండి. మినరల్ వాటర్ బాటిల్ కడిగి వాడితే కుదరదు. స్విమ్మింగ్ పూల్ నీళ్లయితే క్లోరిన్ ఉంటుంది కాబట్టి సీసాలో ముందే సోడియం థయోసల్ఫేట్ వేసి స్టెరైల్ చేయాలి. సముద్రానికి, చెరువుకి అది అక్కర్లేదు.

ఉదయం 6 నుంచి 8 మధ్య పట్టండి. ఎండెక్కేకొద్దీ సూర్యకాంతికి బ్యాక్టీరియా చస్తుంది. అదే చోట మధ్యాహ్నం పట్టిన నీళ్లు ఉదయం కంటే చాలా శుభ్రంగా కనిపించొచ్చు. ఈ వారం పొద్దున, వచ్చే వారం మధ్యాహ్నం పట్టి, 'నీళ్లు బాగుపడ్డాయి' అని రాసిన ప్రాజెక్టులు నేను చూశాను.

నడుం లోతు దాకా వెళ్లి, మీరు కదిపిన మట్టి సర్దుకునేదాకా ఆగండి. సీసా అడుగు పట్టుకుని మూతి కిందికి పెట్టి ఒక జానెడు లోతుకు ముంచండి. అక్కడ మూతిని అల వచ్చే వైపుకి, నదిలో అయితే పారే నీటికి ఎదురుగా తిప్పి నింపండి. పైన రెండు వేళ్ల ఖాళీ వదలండి. తర్వాత సీసాను కుదిపి కలపడానికి ఆ ఖాళీ కావాలి. మూత లోపలి వైపు చేయి తగలకూడదు. మైపాడులో అలలు ఒక్కోరోజు మనిషిని నిలబడనివ్వవు, ఒంటరిగా దిగకండి.

సీసాలను చేపలకు వాడే థర్మాకోల్ పెట్టెలో ఐస్ వేసి తేవచ్చు. పెట్టె కొత్తదై ఉండాలి. కరిగిన ఐసు నీళ్లు మూతిని తాకకుండా సీసాలను ప్లాస్టిక్ కవర్లలో కట్టి నిలబెట్టండి. 10 డిగ్రీల లోపు ఉండాలి గానీ గడ్డ కట్టకూడదు. ఆరు గంటల్లో ల్యాబ్‌కి చేర్చి, చేరిన రెండు గంటల్లో పరీక్ష మొదలుపెట్టాలి. మైపాడు నుంచి నెల్లూరు సుమారు 25 కిలోమీటర్లే కాబట్టి ఇబ్బంది లేదు. కొత్తపట్నం నుంచి ఒంగోలు ఇంకా దగ్గర. కొత్తపట్నం నీళ్లను నెల్లూరు తెచ్చి చేయాలనుకునేవాళ్లు టైము లెక్కేసుకోండి.

తేదీ, గంట, ఎండా మబ్బా, గత రెండు రోజుల్లో వాన పడిందా, ఒడ్డున ఎంతమంది ఉన్నారు, పశువులు దిగాయా, ఇవన్నీ అక్కడే నోటుబుక్‌లో రాయండి. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మనకు వానలు. కాలవల్లో నిల్వ ఉన్నదంతా అప్పుడు కొట్టుకొచ్చి కలుస్తుంది. కార్తీక పౌర్ణమి సముద్ర స్నానాలూ ఆ రోజుల్లోనే. స్వర్ణాల చెరువులో అయితే రొట్టెల పండుగకి మొహర్రం నెలలో వేలమంది నీళ్లలో నిలబడి రొట్టెలు మార్చుకుంటారు. పండుగకి ముందు, పండుగ రోజుల్లో, వారం తర్వాత, మూడుసార్లూ ఒకేచోట పట్టగలిగితే ఆ ప్రాజెక్టుకి విలువ ఉంటుంది.

పోలిక సరిగ్గా రావాలంటే సీసా ఒక్కటే ఉండాలి

రెండు పద్ధతులకు రెండు సీసాలు పట్టకండి. సముద్రంలో అడుగు దూరంలో పట్టిన రెండు సీసాల మధ్య కూడా తేడా ఉంటుంది. ఆ తేడాను పద్ధతి ఖాతాలో వేసేస్తారు. ఒకే సీసాను పాతికసార్లు గట్టిగా కుదిపి, వెంటనే అన్ని పరీక్షలకూ అందులోంచే తీయండి. బ్యాక్టీరియా మట్టి రేణువులకు అంటుకుని అడుగుకు దిగుతుంది. మధ్యలో టీ తాగి వస్తే మళ్లీ కుదపాలి. 500 మి.లీ. ఎందుకంటే, ఎంపీఎన్ ఒక సెట్టుకు 55.5 మి.లీ., ఫిల్టర్‌కి 111 మి.లీ., ఎంజైమ్ ట్రేకి 10 నుంచి 100 మి.లీ. పడుతుంది. రెండు బ్యాక్టీరియాలకు చేసినా 500 దాదాపు సరిపోతుంది.

మొదటి పద్ధతి: ఎంపీఎన్

ముసలి పద్ధతి, ఓపిక కావాలి, గాజు సామాను చాలా పడుతుంది. అయినా వదలడానికి లేదు. మన ప్రమాణాలు దాని భాషలోనే రాసి ఉన్నాయి. పైగా బురద నీళ్లను తట్టుకునే పద్ధతి ఇది.

ఐదు ట్యూబుల్లో 10 మి.లీ. చొప్పున, ఐదింటిలో 1 మి.లీ. చొప్పున, ఐదింటిలో 0.1 మి.లీ. చొప్పున నమూనా వేయండి. ట్యూబుల్లో బ్యాక్టీరియా పెరిగే ద్రవం లారిల్ ట్రిప్టోజ్ బ్రాత్, లోపల బోర్లించిన చిన్న డర్హామ్ ట్యూబ్ ఉంటాయి. 10 మి.లీ. వేసే ట్యూబుల్లో బ్రాత్ డబుల్ స్ట్రెంగ్త్ ఉండాలి. అది మరిచిపోతే నమూనా కలిసేసరికి బ్రాత్ పలచనై తప్పు ఫలితం వస్తుంది. కొత్తవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు ఇదే. 35 డిగ్రీల దగ్గర 24 గంటలకు ఒకసారి, 48 గంటలకు ఒకసారి చూడండి. బ్రాత్ మసకబారి డర్హామ్ ట్యూబ్‌లో గ్యాస్ బుడగ కనిపిస్తే అది పాజిటివ్.

ఇది అనుమానం మాత్రమే. ప్రతి పాజిటివ్ ట్యూబ్ నుంచీ ఒక లూప్ తీసి ఈసీ బ్రాత్‌లో వేసి 44.5 డిగ్రీల దగ్గర 24 గంటలు ఉంచాలి. మళ్లీ గ్యాస్ వస్తే ఫీకల్ కోలిఫారం. ఈసీ బ్రాత్‌లో మగ్ (MUG) అనే రసాయనం కలిసి ఉంటే, యూవీ లైటు కింద నీలంగా మెరిసిన ట్యూబ్ ఈ కోలై.

44.5 అంటే 44.3 నుంచి 44.7 లోపే. మామూలు ఇంక్యుబేటర్‌లో పై అరకి, కింది అరకి మధ్యే ఒక డిగ్రీ తేడా ఉంటుంది. కాబట్టి నీళ్లు తిరుగుతుండే వాటర్ బాత్ కావాలి. డిస్‌ప్లే అంకెను నమ్మకండి, కాలిబ్రేట్ చేసిన థర్మామీటర్ నీళ్లలో ముంచి చూడండి. మా బాత్ డిస్‌ప్లే 44.5 అనేది, థర్మామీటర్ 43 చూపించింది. అది తెలిసేలోపు నేను కొన్ని నెలలపాటు ఫీకల్ కోలిఫారంలు ఎక్కువ ఉన్నాయని రాస్తూ పోయాను.

మన వేసవి తెచ్చే తంటా ఇంకొకటుంది. మామూలు ఇంక్యుబేటర్ వేడి చేస్తుంది గానీ చల్లబరచదు. మే నెలలో గది 39 డిగ్రీలుంటే 35కి పెట్టిన ఇంక్యుబేటర్ కూడా 39కి తక్కువ ఉండదు. ఏసీ గదిలో పెట్టండి, లేదంటే చల్లబరిచే సదుపాయం ఉన్న బీఓడీ ఇంక్యుబేటర్ వాడండి. కరెంటు పోతే ఏం చేయాలో ముందే అనుకోండి. రాత్రి రెండు గంటలు పోయి, వాటర్ బాత్‌కి బ్యాకప్ లేకపోతే ఆ బ్యాచ్ వదిలేయడమే మంచిది.

ఎంటరోకోకైకి అజైడ్ డెక్స్‌ట్రోజ్ బ్రాత్ వాడి, మసకబారిన ట్యూబుల నుంచి బైల్ ఎస్కులిన్ అజైడ్ అగార్ మీద గీయాలి. కాలనీ చుట్టూ నల్లటి గోధుమరంగు వలయం వస్తే పాజిటివ్. సోడియం అజైడ్ విషం. పొడి తూచేటప్పుడు మాస్కు, గ్లౌజులు తప్పవు. రాగి, సీసం పైపులున్న సింకులో పారబోస్తే పేలే పదార్థం తయారవుతుంది.

ఇక లెక్క. 10 మి.లీ.లో 5, 1 మి.లీ.లో 3, 0.1 మి.లీ.లో 1 ట్యూబ్ పాజిటివ్ అయితే పట్టికలో 5-3-1 దగ్గర 110 అని ఉంటుంది. దాని పక్క గడులను చాలామంది చూడరు. అసలు విలువ సుమారు 40 నుంచి 300 మధ్య ఎక్కడైనా ఉండొచ్చని అక్కడ రాసి ఉంటుంది. అంటే సముద్రానికి మన హద్దు 100 అయితే, 110 వచ్చినంత మాత్రాన దాటిందని గట్టిగా చెప్పలేం, దాటలేదనీ చెప్పలేం. అలాంటప్పుడు మళ్లీ పట్టాలి. చెరువు నీళ్లయితే అన్ని ట్యూబులూ పాజిటివ్ అయిపోతుంటాయి. అప్పుడు 1, 0.1, 0.01 మి.లీ. వేసి పట్టిక అంకెను పదితో గుణించండి.

రెండో పద్ధతి: మెంబ్రేన్ ఫిల్ట్రేషన్

నీళ్లు తేటగా ఉంటే నేను దీనికే ఓటేస్తాను. 0.45 మైక్రాన్ రంధ్రాల ఫిల్టర్ కాగితం మీద నుంచి వాక్యూమ్‌తో నీళ్లు లాగి, ఆ కాగితాన్ని అగార్ మీద బుడగలు లేకుండా పరిస్తే బ్యాక్టీరియా ఒక్కొక్కటీ ఒక కాలనీగా కనిపిస్తుంది. కళ్లతో లెక్కపెట్టుకోవచ్చు.

100, 10, 1 మి.లీ. మూడు పరిమాణాలూ ఫిల్టర్ చేయండి. ఎంత వస్తుందో ముందే తెలియదు కదా. 10 మి.లీ., 1 మి.లీ. పోసేముందు గరాటులో 20 మి.లీ. స్టెరైల్ బఫర్ పోయండి, లేకపోతే కాలనీలన్నీ ఒక మూలకే చేరతాయి. ఫీకల్ కోలిఫారంకి ఎం-ఎఫ్‌సీ అగార్, 44.5 డిగ్రీలు, 24 గంటలు, నీలం కాలనీలు. ఈ కోలైకి మోడిఫైడ్ ఎం-టెక్ అగార్, ముందు 35 డిగ్రీల దగ్గర రెండు గంటలు, తర్వాత 44.5 దగ్గర 22 గంటలు, ముదురు గులాబీ కాలనీలు. ఆ మొదటి రెండు గంటలు దండగ అనుకోకండి. ఎండకి, ఉప్పుకి దెబ్బతిన్న బ్యాక్టీరియాను ఒక్కసారిగా 44.5లో పెడితే చచ్చిపోతుంది. కోలుకోవడానికి ఆ టైము ఇస్తున్నాం. ఎంటరోకోకైకి ఎం-ఈఐ అగార్, 41 డిగ్రీలు, 24 గంటలు, కాలనీ ఏ రంగులో ఉన్నా చుట్టూ నీలం వలయం ఉండాలి. ఎం-ఈఐ దొరక్కపోతే స్లానెట్జ్ బార్ట్‌లీ అగార్ మీద 48 గంటలు ఉంచి ఎర్రటి కాలనీలు లెక్కించొచ్చు. అయితే అవి ఎంటరోకోకైనేనని బైల్ ఎస్కులిన్ మీద ఖాయం చేసుకోవాలి.

20 నుంచి 60 కాలనీలున్న ప్లేటునే లెక్కకు తీసుకోండి, ఎం-టెక్‌కి 80 దాకా ఫర్వాలేదు. 10 మి.లీ. ప్లేటు మీద 46 ఉంటే 100 మి.లీ.కి 460.

స్వర్ణాల చెరువు నీళ్లతో దీనికి చిక్కు వస్తుంది. పచ్చటి నాచు, ఒండ్రు ఫిల్టర్‌ను మూసేస్తాయి. 100 మి.లీ. దిగడానికే చాలాసేపు పడుతుంది. దిగినా ఆ బురద పొర మీద కాలనీలు ఒకదానిమీద ఒకటి పాకి లెక్క తగ్గిపోతుంది. అందుకే చెరువు దగ్గర ఎంపీఎన్ ఎక్కువ, ఫిల్టర్ తక్కువ చూపిస్తే ఆశ్చర్యపోకండి. దీనికితోడు ఎంపీఎన్ లెక్కే కొంచెం పైకి మొగ్గుతుంది.

మొదట ఒకసారి, చివర్లో ఒకసారి ఉత్త స్టెరైల్ బఫర్ ఫిల్టర్ చేయండి. చివరి దాని మీద కాలనీ వస్తే గరాటు సరిగ్గా శుభ్రం కాలేదన్నమాట. ప్రతి బ్యాచ్‌తో తెలిసిన ఈ కోలై, ఎంటరోకోకస్ ఫీకాలిస్ కల్చర్లు కూడా పెట్టండి.

మూడో పద్ధతి: రంగు మారే ఎంజైమ్ పరీక్ష

కోలిలెర్ట్, ఎంటరోలెర్ట్ పేర్లు వినే ఉంటారు. పొడి కలిపి, గడుల ట్రేలో పోసి, సీల్ చేసి ఇంక్యుబేటర్‌లో పెడితే పని అయిపోతుంది. కోలిలెర్ట్‌లో పసుపు గడులు టోటల్ కోలిఫారం, పసుపుతో పాటు యూవీ లైటు కింద మెరిసేవి ఈ కోలై, 35 డిగ్రీలు, 24 గంటలు. ఎంటరోలెర్ట్‌లో పసుపు లేదు, మెరుపే, 41 డిగ్రీలు. 97 గడుల ట్రే అయితే డైల్యూషన్ లేకుండా 2,419.6 దాకా లెక్కిస్తుంది. బురద బాధ లేదు, మనిషి తప్పులూ తక్కువే. ఖరీదు మాత్రం ఎక్కువ. విద్యార్థులకు భారమే.

దీంతో నేను మొదటిసారి చేసిన పని చెబుతాను. మైపాడు నీళ్లు 100 మి.లీ. అలాగే పోసి కోలిలెర్ట్ పెట్టాను. మర్నాడు పెద్ద గడులన్నీ పసుపు. నాకు టెన్షన్ పుట్టి, సముద్ర స్నానానికి పిల్లల్ని తీసుకెళ్లబోతున్న వాళ్లకి ఫోన్ చేసి ఆపించాను. అదే సీసా నుంచి ఫిల్టర్ చేసిన ప్లేటు మీద చూస్తే నాలుగే కాలనీలు. ఆ పసుపు చాలావరకు సముద్రంలో ఎప్పుడూ ఉండే విబ్రియో లాంటి వాటి పని. రొయ్యల ల్యాబ్‌లో రోజూ విబ్రియో ప్లేట్లు చూసే నాకే అది తట్టలేదు. సముద్రపు నీళ్లను కనీసం పదింతలు డైల్యూట్ చేయమని కిట్టు కాగితం మీదే ఉంది, నేను చదవలేదు. 10 మి.లీ. నమూనా, 90 మి.లీ. స్టెరైల్ డిస్టిల్డ్ వాటర్. ఇక్కడ బఫర్ వాడొద్దు, పొడిలోనే బఫర్ ఉంటుంది. వచ్చిన అంకెను పదితో గుణించాలి. అంటే ఒక్క గడి మెరిసినా 10 అవుతుంది, 10 కంటే తక్కువను ఇది చూడలేదు. హద్దు 35 అయినప్పుడు ఇది చిన్న లోపం కాదు.

24 గంటలకు రంగు అనుమానంగా ఉంటే 28 గంటల దాకా ఆగొచ్చు. ఆ తర్వాత వచ్చిన పసుపును లెక్కలో వేయకండి.

క్యూపీసీఆర్, నల్లబడే సీసా

క్యూపీసీఆర్ మూడు నాలుగు గంటల్లో ఫలితమిస్తుంది. అదొక్కటే దాని గొప్ప, కానీ పెద్ద గొప్పే. మిగతావన్నీ నిన్నటి నీళ్ల సంగతి చెబుతాయి. అయితే చచ్చిన బ్యాక్టీరియా డీఎన్‌ఏని కూడా లెక్కేస్తుంది. చెరువు నీళ్లలోని కుళ్లు పదార్థాలు రియాక్షన్‌ను అడ్డుకుంటే ఉన్నదాన్నీ లేదంటుంది. రొయ్యలకి వాడే మిషన్ ఉంది కదా అని మొదలుపెట్టకండి. తెల్లమచ్చకి చాలా ల్యాబ్‌లు వాడేది ఉందా లేదా చెప్పే మామూలు పీసీఆర్. ఇక్కడ ఎంత ఉందో చెప్పే రియల్ టైమ్ మిషన్, అడ్డు పడుతోందో లేదో చూపే కంట్రోళ్లు కావాలి. మలం మనిషిదా పశువులదా తేల్చుకోవాలంటే మాత్రం డీఎన్‌ఏ దారి తప్పదు. మనుషుల పేగుల్లోని బ్యాక్టిరాయిడ్స్‌కి హెచ్ఎఫ్183 అనే గుర్తు ఉంది. బర్రెలు దిగే చెరువులకి ఆ ప్రశ్న ముఖ్యమే.

తాగునీటికి పంచాయతీల్లో వాడే, నల్లబడే హెచ్2ఎస్ సీసాను చెరువుకి, సముద్రానికి వాడకండి. ఒడ్డు బురదలో గంధకంతో పనిచేసే బ్యాక్టీరియా ఎలాగూ ఉంటుంది, ఆ సీసా నల్లబడుతూనే ఉంటుంది. బోరు నీళ్లకి పనికొచ్చేది ఇక్కడ ఏమీ చెప్పదు.

అంకెలు పక్కపక్కన పెట్టడం

ఒక సీసాతో పోలిక తేలదు. కనీసం 30 సీసాలు, రెండు మూడు చోట్ల నుంచి, ఎండాకాలంలో కొన్ని, వానల్లో కొన్ని ఉండాలి. సముద్రాన్ని, చెరువుని ఒకే పట్టికలో కలపకండి. మైపాడులో బాగా సరిపోలిన రెండు పద్ధతులు చెరువులో విడిపోవచ్చు.

బ్యాక్టీరియా లెక్కలను అలాగే కూడి సగటు తీయకూడదు. ఉదాహరణకు ఐదు రోజుల్లో 20, 40, 30, 25, 900 వచ్చాయనుకోండి. మామూలు సగటు 203. లాగ్ (లాగరిథమ్) తీసి సగటు చేసి వెనక్కి మారిస్తే 56, జ్యామితీయ సగటు ఇదే. ఆ ఒక్క 900 ఐదు రోజుల కథనూ మింగేసింది చూడండి. అలాగని 900ని చెత్తబుట్టలో వేయకండి. ఆ రోజు వాన పడిందా, నోటుబుక్ ఏమంటోంది, అది చూడాలి.

ప్రతి సీసాకీ రెండు పద్ధతుల లాగ్ విలువల తేడా తీయండి. ఒక చెరువు సీసాకి ఎంపీఎన్ 1,100, ఫిల్టర్ 460 అనుకుందాం. లాగ్‌లో 3.04, 2.66. తేడా 0.38. ఒక్క సీసా మీద ఇది తేడానే కాదు, ఎంపీఎన్ 1,100 పరిధి సుమారు 400 నుంచి 3,000, అందులో 460 కూడా ఉంది. కానీ 30 సీసాల్లో 25 చోట్ల ఎంపీఎనే ఎక్కువ చూపిస్తే అది పద్ధతి తేడానే. ఆ తేడా నిజమా, యాదృచ్ఛికమా అని చూసే పెయిర్డ్ టీ-టెస్ట్ ఎక్సెల్‌లోనే చేయొచ్చు. చాలామంది గ్రాఫు గీసి కోరిలేషన్ 0.9 వచ్చిందని సంతోషపడి ఆపేస్తారు. ఒక పద్ధతి ఎప్పుడూ రెండో దానికి మూడు రెట్లు చూపించినా కోరిలేషన్ బ్రహ్మాండంగానే వస్తుంది.

దీనికంటే నాకు నచ్చిన లెక్క ఇంకోటుంది. 30 సీసాల్లో ఎన్నిటికి రెండు పద్ధతులూ 'హద్దు దాటింది' అనో, 'దాటలేదు' అనో ఒకే మాట చెప్పాయి? ఎన్నిటికి వేరువేరు చెప్పాయి? వేరు చెప్పిన సీసాలను విడిగా తీసి, ఆ ప్లేట్ల మీద నుంచి పదేసి కాలనీలు ఎంచి ఖాయం చేసుకోండి. ఈ కోలై అయితే ఇండోల్ పాజిటివ్, సిట్రేట్ నెగటివ్ రావాలి. ఎంటరోకోకస్ అయితే క్యాటలేజ్ నెగటివ్, 6.5 శాతం ఉప్పులో, 45 డిగ్రీల దగ్గర పెరగాలి. ఏ పద్ధతి ఎంత తరచుగా అబద్ధం ఆడుతోందో అక్కడ బయటపడుతుంది.

మీ దగ్గర డబ్బు, టైము ఒక్క పద్ధతికే ఉంటే నా సలహా ఇది. మైపాడు, కొత్తపట్నం, తుమ్మలపెంట లాంటి బీచ్‌లకి ఎంటరోకోకైకి మెంబ్రేన్ ఫిల్ట్రేషన్. స్వర్ణాల చెరువుకి, వానల్లో ఎర్రగా పారే పెన్నకి ఈ కోలై చూసే ఎంపీఎన్. రిపోర్టు అధికారులకు ఇవ్వాల్సి వస్తే, ఎక్కడైనా సరే, ఫీకల్ కోలిఫారం ఎంపీఎన్ కూడా చేయాలి. వాళ్ల హద్దు అందులోనే ఉంది.

రిపోర్టులో ఇలా రాయండి: 'మైపాడు, ఉదయం 6.40, నడుం లోతు, రెండు రోజులుగా వాన లేదు. ఎంటరోకోకై, మెంబ్రేన్ ఫిల్ట్రేషన్, ఎం-ఈఐ, 100 మి.లీ.కి 28 కాలనీలు. నమూనా పట్టిన ఐదు గంటల్లో పరీక్ష మొదలైంది.' ఏమీ రాకపోతే సున్నా అని రాయకండి, '100 మి.లీ.కి 1 కంటే తక్కువ' అనండి. డైల్యూట్ చేసిన ఎంజైమ్ పరీక్ష అయితే '10 కంటే తక్కువ'.

ట్యూబులు, ప్లేట్లు, ట్రేలు అన్నీ 121 డిగ్రీల దగ్గర అరగంట ఆటోక్లేవ్ చేశాకే బయట పారేయండి. అజైడ్ ఉన్నవి మాత్రం ఆటోక్లేవ్‌లో పెట్టకుండా విడిగా మూత పెట్టి, కెమికల్ వ్యర్థాలు తీసుకెళ్లే వాళ్లకి ఇవ్వండి.